గుండె జబ్బుకు మంచం మందు కాదు

సంపాదకులకు,

బైపాస్ అయినవాళ్లు మతిమరుపు రాకుండా పదకేళీలు నింపుకుంటూ ఒంటికి విశ్రాంతి ఇవ్వాలని పోయిన ఆదివారం మీ వ్యాసకర్త రాశారు. పదకేళీలు నేనూ నింపుతాను. పేచీ ఆ విశ్రాంతితోనే.

ఒంటి బరువులో మెదడు వాటా 2 శాతమే అయినా, గుండె తోడే రక్తంలో దాదాపు 15 శాతం దానికే పోతుంది. గుండె నీరసిస్తే దానికీ ఇబ్బందే. 2009లో వెలువడిన హెచ్ఎఫ్-యాక్షన్ పరిశోధన గుండె బలహీనపడిన 2,331 మంది మీద జరిగింది. పర్యవేక్షణలో చేసే వ్యాయామం వాళ్లకు సురక్షితమనే తేల్చింది. 2011లో వెలువడిన ఎరిక్సన్ బృందం పరిశోధనలో, ఏడాదిపాటు నడిచిన పెద్దవాళ్లలో జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్ సుమారు 2 శాతం పెరిగింది. వాళ్లు గుండె రోగులు కారు, నిజమే. నడిస్తే మతిమరుపు రాదని నేనూ పూచీ పడను.

మా అపార్ట్‌మెంటులో స్టెంట్ పడిన పెద్దాయన మంచినీళ్లకు లేచినా కోడలు, "మీరు కూర్చోండి మామయ్యా, నేను తెస్తాగా" అంటుంది. ప్రేమే, కాదనను. కానీ డాక్టరు సరేనన్నాక, మాట్లాడగలిగి పాట మాత్రం పాడలేనంత వేగంతో నడవాలి. బీటా బ్లాకర్లు వాడేవాళ్లకు నాడి అంతగా పెరగదు కాబట్టి చేతి వాచీ అంకెను నమ్ముకోకూడదు. ఛాతీ పట్టేస్తే వెంటనే ఆగాలి. వ్యాసంలో వీటి ఊసే లేదు. వచ్చే సంచికలో ఎవరైనా కార్డియాలజిస్టుతో రాయించండి.

- ఓ పాఠకురాలు, విజయవాడ