పిలాటిస్ విడిగా నేర్చుకోవాలా, నలుగురితోనా?

పోయిన డిసెంబరులో బిలాస్‌పూర్‌లోని మా ఇంటికి వెళ్లేసరికి అమ్మ, పక్కింటి పిన్ని ఒక కాగితం ముందేసుకుని లెక్కలు వేస్తున్నారు. నడుం నొప్పికి పిలాటిస్ మంచిదని ఎవరో చెప్పారట. కాగితం మీద రెండు ఫీజులున్నాయి. టీచర్ ఒక్కరికే విడిగా నేర్పితే గంటకు ఇంత, హాల్లో అందరితో కలిసి అయితే నెలకు ఇంత. విడిగా నాలుగు గంటలకు అయ్యే డబ్బుతో గుంపులో నెలంతా నేర్చుకోవచ్చు. "నడ్డి నొప్పికి కూడా ట్యూషనేటే?" అని అమ్మ నవ్వింది. నాకు మాత్రం ఆ కాగితం మీద లేని విషయాలే ఎక్కువ కనిపించాయి.

మాది రైల్వే ఊరు. 1891లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే లైను ఇటుగా వచ్చాక, ఆ కంపెనీ కొలువుల వెంట శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి తెలుగు కుటుంబాలు కూడా ఇక్కడికి చేరాయి. 2003 నుంచి ఇది సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వేకు కేంద్రం. మా నాన్న బొగ్గు రేకులు నడిపి రిటైరైన లోకో పైలట్. ఇంజన్‌లో గంటల తరబడి కూర్చున్నవాళ్లు, పట్టాల మీద వంగి పనిచేసినవాళ్లు, వాళ్ల ఇళ్లలో నీళ్ల బిందెలు మోసిన ఆడవాళ్లు ఉన్న వీధి మాది. ఇక్కడ నడుం నొప్పి లేని ఇల్లు వెతుక్కోవాలి. ప్రపంచం లెక్క కూడా తక్కువేం కాదు. 2020లో నడుం నొప్పితో బాధపడుతున్నవారు దాదాపు 61.9 కోట్ల మంది అని ఒక అంతర్జాతీయ అంచనా. దీర్ఘకాలిక నడుం నొప్పికి పద్ధతిగా చేసే వ్యాయామం మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో చెప్పింది. అందులోనే నడుం బెల్టులు వద్దని కూడా ఉంది. మా ఇంట్లో అలాంటి బెల్టులు రెండున్నాయి.

ఇక పిలాటిస్ సంగతి. ఇది జోసెఫ్ పిలాటిస్ అనే జర్మన్ పేరు మీద వచ్చింది. 1883లో పుట్టిన ఆయన మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఇంగ్లండ్‌లో ఉన్నాడు. జర్మన్ పౌరుడు కాబట్టి ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలోని శిబిరంలో నిర్బంధించారు. తోటి నిర్బంధితులకు ఆయన వ్యాయామాలు నేర్పింది అక్కడే. 1926లో న్యూయార్క్ చేరి, ఎనిమిదో అవెన్యూలో తన వ్యాయామశాల నడిపాడు. అక్కడ ఒకే గదిలో పలువురు ఎవరి వరుస వాళ్లు చేసుకుంటుంటే, గురువు మధ్యలో తిరుగుతూ దిద్దేవాడు. మన సంగీతం మాస్టారి వరండా గుర్తొస్తుంది నాకు. ఒకరు సరళీ వరసలు, ఇంకొకరు వర్ణం, మాస్టారు లోపలి నుంచే "శ్రుతి చూసుకో" అని ఒక కేక. అంటే విడిగానా, గుంపులోనా అని ఇవాళ మనం వేసుకుంటున్న ప్రశ్న ఆ గదిలో ఈ రూపంలో లేదు. అది తర్వాతి వ్యాపారం చేసిన విభజన.

నడుం నొప్పికి పిలాటిస్ పనిచేస్తుందా? కొక్రేన్ సంస్థ 2015లో 10 ప్రయోగాలను, అంటే మొత్తం 510 మంది రోగుల వివరాలను కలిపి చూసింది. ఏమీ చేయకుండా ఉండటం కంటే, నామమాత్రపు చికిత్స కంటే మేలే. కానీ మిగతా వ్యాయామాల కంటే గొప్పదని తేల్చే ఆధారం దొరకలేదు. కాబట్టి పిలాటిస్‌లో మంత్రమేమీ లేదు. క్రమం తప్పకుండా, దెబ్బ తగలకుండా చేయగలిగితే చాలు. ఏ క్లాసు ఎంచుకోవాలో కూడా ఈ రెంటితోనే కొలవాలని నా అభిప్రాయం.

అమ్మ గుంపునే ఎంచుకుంది. మూడో రోజు నేనూ వెళ్లి వెనక కూర్చున్నాను. హాల్లో 22 మంది, చాలామంది యాభై దాటిన ఆడవాళ్లు. టీచర్ చురుకైన మనిషే. చాప మీద వెల్లకిలా పడుకుని, చేతులు ముందుకు చాపి, వెన్నును ఒక్కో పూసగా పైకి చుట్టుకుంటూ లేచి కూర్చునే వ్యాయామం చేయించింది. పిలాటిస్‌లో అది ఓనమాల్లాంటిది. అమ్మ కూడా పళ్లు బిగించి లేచింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు, రెండేళ్ల క్రితం వాకిట్లో జారి చేయి ఆనిస్తేనే ఆమె మణికట్టు విరిగిందని. ఆ వయసులో నిలబడిన ఎత్తు నుంచి పడితేనే ఎముక విరిగిందంటే, ఎముకలు గుల్లబారుతున్నాయేమోనని అనుమానించాలి. ఆ సంగతి మాకు అప్పుడు తట్టలేదు, ఇప్పుడు క్లాసులోనూ ఎవరూ అడగలేదు.

ఇందులో భౌతిక శాస్త్రం హైస్కూలు స్థాయిదే. ముందుకు వంగినప్పుడు నడుం మొత్తం ఒక తులాదండం. వెన్నును వెనక నుంచి పట్టి ఉంచే కండరాలు కీలు నుంచి దాదాపు 5 సెంటీమీటర్ల దూరంలో ఉంటాయి. ఒంటి పైభాగం బరువు 30 కిలోలు, అది 30 సెంటీమీటర్లు ముందుకు వేలాడుతోంది అనుకోండి. దాన్ని ఆపడానికి ఆ కండరాలు 180 కిలోల బరువుకు సరిపడా లాగాలి. ఆ లాగుడంతా వెన్నుపూసల మీద నొక్కుడుగా పడుతుంది. వెల్లకిలా నుంచి లేచేటప్పుడు పనిచేసేది ముందువైపు పొట్ట కండరాలు కాబట్టి లెక్క మారుతుంది. కానీ వీపు గుండ్రంగా వంగినప్పుడు నొక్కుడు పూస ముందు అంచు మీదే ఎక్కువ. గుల్లబారిన పూసలు నలిగేదీ అక్కడే. 1984లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు, ఎముకలు గుల్లబారి వెన్ను నొప్పితో ఉన్న 59 మంది స్త్రీలను గమనించి రాశారు. ముందుకు వంగే వ్యాయామాలు మాత్రమే చేసినవారిలో 89 శాతం మందికి కొత్తగా పూసలు నలిగాయి. వెన్ను నిటారుగా, వెనక్కి సాగే వ్యాయామాలు చేసినవారిలో అది 16 శాతమే. చిన్న అధ్యయనమే, పాతదే. అయినా ఆ రెండు అంకెల మధ్య దూరం చూశాక అమ్మను మళ్లీ ఆ చాప మీద పడుకోనివ్వలేకపోయాను. తర్వాత చేయించిన ఎముకల సాంద్రత స్కాన్‌లో అనుమానం నిజమైంది.

అయితే విడిగా నేర్పించేద్దామని నేనూ తొందరపడ్డాను. 12 క్లాసుల ప్యాకేజీ ఉందని చెప్పిన ఇంకో టీచర్‌కు ఫోన్ చేశాను. బరువెంత, ఎన్ని కిలోలు తగ్గాలనుకుంటున్నారు, ఉదయమా సాయంత్రమా అని అడిగారు. ఎముకల గురించి అక్కడా అడగలేదు. ఒక్కరికే నేర్పుతారంటే ఆ ఒక్కరి గురించి తెలుసుకుంటారని అర్థం కాదన్నమాట. డబ్బు కట్టే ముందు చూడాల్సింది క్లాసులో ఎందరున్నారని కాదు. పాత దెబ్బలు, విరిగిన ఎముకలు, మందులు, బీపీ, ఆపరేషన్లు ఇవన్నీ అడిగి రాసుకున్నారా అని చూడాలి. యాభై దాటిన ఆడవాళ్ల విషయంలో ఇది అడగని చోటికి, ఫీజు ఎంతైనా సరే, వెళ్లకపోవడమే మంచిది.

అది అడిగే మనిషి దొరికాక విడి శిక్షణలో మనం కొనుక్కునేది ఏమిటి? దిద్దుబాటు. మోకాలు ఇలా, భుజం అలా, ఊపిరి వదులు అని ప్రతి కదలికకూ వచ్చే మాట. 22 మంది ఉన్న 50 నిమిషాల క్లాసులో టీచర్ చూపు ఒక్కొక్కరి వంతుకు రెండు నిమిషాల పైచిలుకే వస్తుంది. విడిగా అయితే యాభైకి యాభై. ఎక్కువ దిద్దితే ఎక్కువ వస్తుందని మనం సహజంగానే అనుకుంటాం. కదలికలు నేర్చుకోవడం మీద జరిగిన పరిశోధన మాత్రం ఇంకోలా చెబుతోంది. 1984లో సాల్మొనీ, ష్మిట్, వాల్టర్ అనే పరిశోధకులు అప్పటిదాకా జరిగిన ప్రయోగాలన్నీ వడబోసి ఒక మాట అన్నారు. ప్రతిసారీ దిద్దుతుంటే అప్పటికి బాగా చేస్తాం, కానీ ఆ దిద్దుబాటునే ఊతకర్రగా చేసుకుంటాం. 1990లో విన్‌స్టీన్, ష్మిట్ చేసిన ప్రయోగాల్లో, ప్రతి ప్రయత్నానికీ ఫలితం చెప్పించుకున్నవారి కంటే సగం ప్రయత్నాలకే చెప్పించుకున్నవారికి నేర్చుకున్నది తర్వాత బాగా గుర్తుంది. ఇవి ప్రయోగశాలలో చేతి కదలికల మీద చేసినవి, పిలాటిస్ మీద కాదు. అయినా మన శరీరం నేర్చుకునే తీరు గురించి అవి చెప్పేది పక్కన పెట్టదగ్గది కాదు.

ఈ సంగతి చెప్తే నాన్న ఆశ్చర్యపోలేదు. రైల్వేలో కొత్త సెక్షన్ మీద బండి నడపాలంటే ముందు 'లెర్నింగ్ రోడ్' ట్రిప్పులుంటాయి. దారి తెలిసిన డ్రైవర్‌తో ఇంజన్‌లో వెళ్లి సిగ్నళ్లు, ఎత్తుపల్లాలు, మలుపులు చూసుకోవాలి. తర్వాత దారి తెలిసిందని సంతకం పెట్టాలి. ఆ పైన బండి తనదే. "పక్కనోడు ఎప్పటికీ చెప్తా ఉంటే మనకి రోడ్డు రాదమ్మా" అన్నాడు.

గుంపుకు ఉన్న బలం వేరే. 2010లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 12 మంది పడవ పోటీ క్రీడాకారులను యంత్రాల మీద తెడ్డు వేయించారు, ఒకసారి ఒంటరిగా, ఒకసారి జట్టుగా. చేసిన శ్రమ ఒక్కటే అయినా, జట్టుగా లయలో చేశాక నొప్పి తట్టుకునే శక్తి ఎక్కువ పెరిగింది. 12 మందే కదా అని తీసేయొచ్చు. కానీ పట్టాలు జరిపే గ్యాంగ్ పాట ఒక్కసారైనా విన్నవాళ్లకు ఇది వింతగా ఉండదు. ఇదే గుంపుకు ఇంకో ముఖమూ ఉంది. ఫ్రాన్స్‌కు చెందిన రింగెల్‌మన్ 1913లో ప్రచురించిన లెక్కల్లో, ఎనిమిది మంది కలిసి లాగినప్పుడు ఒక్కొక్కరి వంతు బలం దాదాపు సగానికి పడిపోయింది. కొంత లయ కుదరక, కొంత ఎవరో లాగుతారులే అనే ధీమాతో. 22 మంది హాల్లో వెనక వరుస చూస్తే రింగెల్‌మన్ గుర్తుకొచ్చాడు.

మధ్యలో ఇంకో దారి ఉంది, మన దగ్గర దాని మీద ఎవరూ పెద్దగా దృష్టి పెట్టరు. 1999లో షే, వుల్ఫ్, విటేకర్ అనేవారు ఊగే పలక మీద నిలదొక్కుకోవడం నేర్పిస్తూ, కొందరిని జంటలుగా పెట్టారు. ఒకరు చేస్తుంటే ఇంకొకరు చూడటం, మాట్లాడుకోవడం, తర్వాత వంతు మార్చుకోవడం. ఇలా నేర్చుకున్నవారు మర్నాటి పరీక్షలో ఒంటరిగా నేర్చుకున్నవారి కంటే మెరుగ్గా నిలిచారు. పక్కవాళ్లను చూడటం కూడా సాధనే అన్నమాట. ఇద్దరు కలిసి ఒక టీచర్‌ను పెట్టుకుంటే ఫీజు సగమవుతుంది, నేర్చుకున్నది సగమవుతుందని చెప్పడానికి మాత్రం వీల్లేదు.

అందుకే 12 విడి క్లాసులు ఒకే నెలలో చేసేయమనే ప్యాకేజీ నాకు నచ్చలేదు. అదే డబ్బును మొదట్లో మూడు గంటలకు, ఆ తర్వాత నెలకో రెండు నెలలకో ఒక గంటకు పరిస్తే మంచిదనిపిస్తుంది. మధ్యలో రోజులన్నీ ఆరేడుగురికి మించని గుంపులో చేయాలి. మూడే ఎందుకంటే కచ్చితమైన లెక్క నా దగ్గర లేదు. ఆపరేషన్ అయినవారికి, కాళ్లలోకి తిమ్మిరి పాకుతున్నవారికి, బాగా నెమ్మదిగా నేర్చుకునేవారికి ఇంకా ఎక్కువ కావాలి. తిమ్మిరి ఉన్నవారైతే ముందు డాక్టర్ దగ్గరికే వెళ్లాలి.

అమ్మ ఫిజియోథెరపిస్ట్ దగ్గర విడిగా మూడుసార్లు నేర్చుకుంది, పిన్నిని పక్కన కూర్చోబెట్టుకుని. ఇప్పుడు పొద్దున్నే పిన్ని వాళ్ల డాబా మీద ఆరుగురు చేస్తున్నారు. మిగతావాళ్లు వీపు చుట్టి లేచేటప్పుడు అమ్మ బోర్లా తిరిగి, ఛాతీ నేల నుంచి కాస్త పైకెత్తి ఆపుతుంది. చలికి ఒకరోజు వెళ్లకూడదనుకుందట. అయిదున్నరకే పిన్ని గేటు తట్టింది. ఈ నెలాఖరున ఫిజియోథెరపిస్ట్ దగ్గర ఒక గంట టైమ్ తీసుకున్నాం. ఎడమ కాలు చాపినప్పుడు తుంటి పక్కకు జారుతోందని పిన్ని కనిపెట్టింది, అది చూపించాలి.