మామిడి తోట కూడా పనిచోటే

మామిడి పూతకొచ్చే రోజుల్లో చింతలపూడి, చాట్రాయి, నూజివీడు చుట్టుపక్కల తోటల్లో తెల్లారేసరికి పంపుల మోత మొదలవుతుంది. ట్రాక్టరు వెనక మందు డ్రమ్ము, దానికో పంపు, పొడవాటి పైపు, పైపు చివర గన్ను. తేనెమంచు పురుగు పూతను పట్టిందంటే కాపు మీద ఆశ వదులుకోవాల్సిందే కాబట్టి రైతు మందు కొట్టించక తప్పదు. అయితే వరికి కొడితే మందు కిందికి పోతుంది, మామిడికి పైకి కొట్టాలి. కొమ్మల్లోకి ఎగజిమ్మిన తుంపరలో ఆకులకు అంటగా మిగిలింది కొట్టేవాడి నెత్తిన, కళ్లలో, మెడ మీద పడుతుంది. అతనికి ఉన్న రక్షణల్లా ముఖానికి చుట్టుకున్న తువ్వాలు. కాసేపటికి అదీ తడిసి ముద్దవుతుంది. తడిసిన తువ్వాలు మందును ఆపకపోగా ముక్కుకూ నోటికీ అంటుకుని లోపలికి పంపుతుంది.

ఆర్గానోఫాస్ఫేట్ రకం మందులైతే తాగనక్కర్లేదు, చర్మంలోంచే ఒంట్లోకి దిగుతాయి. ముందు తలనొప్పి, చెమటలు, నోట్లో నీళ్లూరడం, చూపు మసకబారడం. ఎండదెబ్బ అనుకుని మజ్జిగ తాగి పడుకునేవాళ్లే ఎక్కువ. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ ఇరవై మందికి పైగా చనిపోయాక గానీ దేశం ఈ పనిని ఓ ప్రాణాంతకమైన ఉద్యోగంగా గుర్తించలేదు. ఆ గుర్తింపు కూడా ఎన్నాళ్లో నిలవలేదు.

దీనికి చట్టం లేదనుకుంటే పొరపాటు. 1971 నాటి పురుగుమందుల నియమాలు తయారీ నుంచి పొలంలో కొట్టేదాకా మందు ముట్టుకునే ప్రతి ఒక్కరికీ తగిన దుస్తులు, అవసరమైన చోట శ్వాస రక్షణ పరికరాలు, శిక్షణ ఉండాలంటున్నాయి. పని చేస్తూ గాయపడినవారికి నష్టపరిహారం ఇప్పించేందుకు 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1923 నాటి చట్టం జాబితాలోనే పురుగుమందుల పిచికారీ కూడా ఉండేది. అంటే మందు కొడుతూ పడిపోయిన కూలీకి పరిహారం దయాధర్మం కింద రాదు, హక్కుగా రావాలి. కానీ ఆ కూలీ పేరు ఏ రిజిస్టరులోనూ ఉండదు. తోట రైతుది, కాపు గుత్తకు కొన్న వ్యాపారిది, మనుషులను తెచ్చింది మేస్త్రీ. యజమాని ఎవరని అడిగితే ముగ్గురూ పక్కవాడిని చూపిస్తారు.

రిజిస్టర్లూ లైసెన్సులూ ఉన్నచోట అంతా సవ్యంగా ఉందా అంటే అదీ లేదు. ఈ తోటలున్న ఏలూరు జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. సరిగ్గా పదో రోజు రాత్రి, ఏప్రిల్ 13న, ముసునూరు మండలం అక్కిరెడ్డిగూడెంలోని పోరస్ లేబొరేటరీస్‌లో రియాక్టర్ వద్ద పేలుడు జరిగి మంటలు చెలరేగాయి. ఆరుగురు చనిపోయారు. వారిలో నలుగురు పొట్ట చేతపట్టుకుని బీహార్ నుంచి వచ్చినవారు. రాష్ట్ర ప్రభుత్వం మృతుల కుటుంబాలకు 25 లక్షల రూపాయల చొప్పున ప్రకటించింది. ఫ్యాక్టరీ మూసేయాలంటూ మర్నాడు ఊరంతా గేటు ముందు కూర్చుంది.

అంతకు రెండేళ్ల ముందు, 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది ప్రాణాలు పోయాయి. ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ తేల్చిన సంగతుల్లో అంతుచిక్కని శాస్త్ర రహస్యమేదీ లేదు. ట్యాంకు పైభాగంలో ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు లేదు. రసాయనం గడ్డకట్టే చర్యను అదుపు చేసే మందు సరిపడా కలపలేదు. చల్లబరిచే యంత్రాలను రాత్రిపూట ఆపేసేవారు. సైరన్ ఉండి కూడా మోగలేదు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం ఎసైన్షియా ఫ్యాక్టరీలో 17 మంది, 2025 జూన్ 30న పాశమైలారం సిగాచి ఫ్యాక్టరీలో యాభై మందికి పైగా బలయ్యారు. ప్రతిసారీ కమిటీ వస్తుంది, నివేదిక వస్తుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మనకు పాలనా పద్ధతిగా మారిపోయింది.

తోటల్లో ఆ ఆకులు కూడా దొరకవు. ఒక్కొక్కరుగా, ఒక్కో ఊళ్లో పోయేవారి కోసం ఏ కమిటీ రాదు.

చింతలపూడి, లింగపాలెం, కామవరపుకోట, జంగారెడ్డిగూడెం మండలాల్లో ఇప్పుడు మామిడితో పోటీగా పామాయిల్ తోటలున్నాయి. చెట్టు చిన్నగా ఉన్నప్పుడు గెలను ఉలితో నరుకుతారు. ఎదిగాక పొడవాటి గెడకు కొడవలి కట్టి కింద నుంచే కోయాలి. బరువు తక్కువని అల్యూమినియం గెడ వాడతారు. పొలాల మీదుగా పోయే 11 కేవీ తీగలు నేలకు 4.6 మీటర్ల ఎత్తులో ఉంటే చాలని విద్యుత్ భద్రతా నిబంధనలు చెబుతాయి. ముదురు తోటలో గెడ ఒక్కటే అంతకంటే పొడుగు. తల పైకెత్తి గెలను చూస్తూ అడుగు పక్కకు వేసినవాడికి వెనకున్న తీగ కనిపించదు. నిబంధన ప్రకారమే వేసిన లైను, పద్ధతి ప్రకారమే కోసే కూలీ, అయినా ప్రాణం పోతుంది. జాగ్రత్తగా ఉండమని చెప్పడం దీనికి మందు కాదు.

ప్రపంచమంతటా భద్రతా నిపుణులు పాటించే వరస ఒకటుంది. ముందు ప్రమాదాన్ని అక్కడ లేకుండా చేయాలి. అది కుదరకపోతే తక్కువ ప్రమాదమున్న దాన్ని తేవాలి. అదీ కాకపోతే మనిషికీ దానికీ మధ్య అడ్డు పెట్టాలి. పని పద్ధతి మార్చడం ఆ తర్వాత. మాస్కులు, తొడుగులు అన్నిటికంటే చివర. మన దగ్గర ఈ వరస తలకిందులైంది. మొదటి మాటే మాస్కు పెట్టుకో అని. ఏప్రిల్ ఎండలో రబ్బరు తొడుగులు వేసుకుని ఎవడు పనిచేయగలడో చెప్పేవారుండరు.

సరైన వరసలో వెళితే పని ఎలా మారుతుందో మామిడి మక్కబెట్టడంలోనే చూడొచ్చు. కార్బైడ్ తడి తగిలితే అసిటిలీన్ వాయువు వదులుతుంది, దాంతోపాటు ఆర్సెనిక్, ఫాస్ఫరస్ సంబంధిత విషాల జాడలూ బయటికొస్తాయి. అందుకే కార్బైడ్‌తో మక్కబెట్టడాన్ని నిషేధించారు. బదులుగా ప్రత్యేక గదుల్లో ఇథిలీన్ వాయువును 100 పీపీఎం మించకుండా వాడేందుకు 2016లో ఆహార భద్రతా సంస్థ వీలు కల్పించింది. ఇక్కడ చర్చ ఎప్పుడూ పండు తినేవాడి ఆరోగ్యం చుట్టూనే తిరిగింది. పొట్లాలు కట్టి పండ్ల మధ్య పెట్టే చేతులు, మూసిన షెడ్డులో దగ్గుతూ తట్టలు మోసే మనిషి ఎవరికీ గుర్తు రాలేదు. అయినా విషాన్నే మార్చేసరికి ఇథిలీన్ గదులకు మారిన చోట కూలీకీ మేలు జరిగింది. ఉపదేశాలతో ఆ మేలు సాధ్యమయ్యేది కాదు.

తోటలో మొదలైన ప్రమాదం తోట గట్టు దగ్గర ఆగుతుందన్న భరోసా కూడా లేదు. 2020 డిసెంబరులో ఏలూరు పట్టణంలో ఉన్నట్టుండి ఆరు వందల మందికి పైగా మూర్ఛతో, కళ్లు తిరిగి పడిపోయారు. రక్త నమూనాల్లో సీసం, నికెల్ కనిపించాయి. జాతీయ పోషకాహార సంస్థ వంటి సంస్థలు పురుగుమందుల అవశేషాల వైపు వేలు చూపాయి. డ్రమ్ములు కడిగిన నీళ్లు ఎక్కడికి పోతున్నాయి, ఖాళీ డబ్బాలు ఎవరి ఇంట్లో నీళ్ల చెంబులవుతున్నాయి అన్న ప్రశ్నలు ఆ వారం అందరి నోటా వినిపించాయి. తర్వాత మరుగునపడ్డాయి.

ఇవన్నీ చిన్న రైతు నెత్తిన రుద్దితే అతను సాగే మానేస్తాడన్న అభ్యంతరం వస్తుంది. అందులో న్యాయముంది. ధర పడిపోయిన ఏడాది కాయ కోత కూలి కూడా గిట్టని రైతుకు ఇన్‌స్పెక్టరు నోటీసు ఇచ్చి లాభం లేదు. అయితే ఈ వ్యవస్థలో రైతు ఒక్కడే లేడు. ఆంధ్రప్రదేశ్‌లో 1993 నాటి పామాయిల్ చట్టం కింద ఏ మండలంలో గెల ఏ ఫ్యాక్టరీకి పోవాలో ప్రభుత్వమే పంచిపెట్టింది. తన పరిధిలో ఎవరికి ఎన్ని ఎకరాలున్నాయో కంపెనీ దగ్గర లెక్కుంది. అదే లెక్కతో విద్యుత్తు పారని గెడలు ఇవ్వమని, కోత మేస్త్రీలకు శిక్షణ ఇప్పించమని పరిధి కేటాయించే షరతుల్లోనే రాయొచ్చు. మామిడిలో కాపు గుత్తకు కొన్న వ్యాపారి తన కోసం మందు కొట్టించినన్నాళ్లూ కొట్టేవాడికి అతనే యజమాని అని కాగితం మీద తేల్చాలి. మందు అమ్మే కంపెనీలకు శిక్షణ బాధ్యత నియమాల్లో ఎలాగూ ఉంది. ఎంత మందికి ఇచ్చారో మండలాల వారీగా వ్యవసాయ శాఖ అడిగి తీసుకోవాలి.

విద్యుత్ శాఖ చేయాల్సింది ఇంకా సులువు. తోటల మధ్య నుంచి పోయే లైన్లను గుర్తించి, ముదురు పామాయిల్ ఉన్నచోట ఎత్తు పెంచడమో, తొడుగున్న తీగ వేయడమో చేయాలి. అది పూర్తయ్యేదాకా, కోతకు వెళ్లే ముందు రైతు ఫోను చేస్తే ఆ గంట సేపు సరఫరా ఆపే ఏర్పాటు ఉండాలి.

2001లోనే అంతర్జాతీయ కార్మిక సంస్థ వ్యవసాయంలో భద్రత, ఆరోగ్యంపై 184వ ఒప్పందం తెచ్చింది. భారత్ ఇంకా దాన్ని ఆమోదించలేదు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త వృత్తి భద్రతా కోడ్ విద్యుత్తు వాడే ఫ్యాక్టరీకి ఉండాల్సిన కనీస కార్మికుల సంఖ్యను పది నుంచి ఇరవైకి పెంచింది. ఫ్యాక్టరీ అనే గీత పైకి జరిగేకొద్దీ చిన్న షెడ్లు కూడా తోటల్లాగే చూపు అందని చోట్లవుతాయి. అయితే ప్రమాదకరమైన పనుల విషయంలో ఒక్క కార్మికుడున్నా ఈ కోడ్‌ను వర్తింపజేసే వీలును కేంద్ర ప్రభుత్వం తన చేతిలో ఉంచుకుంది. పిచికారీకీ, పామాయిల్ కోతకూ ఆ వీలును వాడుకోమని కేంద్రాన్ని అడగాల్సిన సమయమిది.

ఏం చేసినా లెక్క ఆసుపత్రి నుంచే మొదలవ్వాలి. చింతలపూడిలోనో నూజివీడులోనో పురుగుమందు కేసు వచ్చినప్పుడు తాగాడా, కొడుతుండగా ఒంటికి పట్టిందా అన్న వివరం కేసు షీటులో విడిగా రాయాలి. ఏ మందు, ఏ పంటకు, ఎవరి దగ్గర పనిలో ఉండగా అన్నవి కూడా చేరాలి. నెలకోసారి ఆ జాబితా కార్మిక శాఖకూ వ్యవసాయ శాఖకూ పోవాలి. దీనికి కొత్త చట్టం, ప్రత్యేక నిధులు అక్కర్లేదు. జిల్లా కలెక్టరు సర్క్యులర్ ఇస్తే వచ్చే పూత నాటికే మొదలుపెట్టొచ్చు.