పాట ఆగిందని పెట్టె విప్పొద్దు!

కోహీర్ నుంచి బస్సెక్కినా, కాకినాడ నుంచి రైలెక్కినా... హైదరాబాద్ చూడ్డానికొచ్చిన కుటుంబం సాలార్‌జంగ్ మ్యూజియంలో ఒకచోట తప్పక ఆగుతుంది. అదే మ్యూజికల్ గడియారం! గడ్డం బొమ్మ ఒకటి తలుపు తీసుకుని బయటికొస్తుంది. ఎన్ని గంటలైతే అన్నిసార్లు గంట కొట్టి లోపలికెళ్లిపోతుంది. ఇంగ్లండ్ నుంచి వచ్చిన విడిభాగాలతో 19వ శతాబ్దంలో కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ సంస్థ దీన్ని బిగించింది.

కీ ఇస్తే తనంతట తానే మోగే యంత్రాల్లో ఇళ్లలో కనిపించేది మ్యూజిక్ బాక్సు. జెనీవాకు చెందిన గడియారాల నిపుణుడు ఆంట్వాన్ ఫావ్ర్ 1796లో దీనికి బీజం వేశాడు. లోపల ఇత్తడి సిలిండరు, దానిమీద వందలాది సన్నటి సూదులు. సిలిండరు తిరుగుతుంటే ఆ సూదులు ఉక్కు దువ్వెన పళ్లను మీటుతాయి. అదే పాట!

తాతగారి పెట్టె మూగబోతే మనకు ముందు గుర్తొచ్చేది స్క్రూడ్రైవరు. అక్కడే ప్రమాదం. స్ప్రింగు బిగిసి ఉండగా వేగాన్ని అదుపుచేసే చిన్న రెక్కను కదిపితే సిలిండరు గిర్రున తిరిగిపోతుంది. క్షణాల్లో సూదులు వంగుతాయి, పళ్లు విరుగుతాయి. నూరేళ్ల పాట అక్కడితో సరి! అందుకే తెలిసినవాళ్లు ముందు స్ప్రింగు బలాన్ని పూర్తిగా వదులుచేస్తారు. ఆ తర్వాతే మరమ్మతు. దువ్వెన మీద నూనె చుక్క కూడా వెయ్యరు. నూనెకు దుమ్ము అంటుకుని స్వరం మందగిస్తుంది మరి.

పాత పియానో మెట్ల సంగతీ ఇంతే. తెల్లగా కనిపించేవి చాలావాటిలో చెక్కమీద అతికించిన పల్చటి ఏనుగు దంతపు రేకులు. చీకట్లో మూసి ఉంచితే పసుపెక్కుతాయి. తెల్లబడాలని గరుకు కాగితంతో రుద్దితే అరిగిపోతాయి. కొద్దిగా తడిపిన మెత్తటి గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఒత్తితే చాలు. ఊడిన రేకును పారేయకుండా దాచాలి. ఎందుకంటే కొత్తది కొనలేం. మన ఏనుగుల దంతంతో వ్యాపారాన్ని 1986లో, ఆఫ్రికా దంతంతో వ్యాపారాన్ని 1991లో దేశంలో నిషేధించారు. అది మంచిదే. పోయిన రేకు స్థానంలో ప్లాస్టిక్‌ది వేసినా మెట్టు పలుకుతుంది.

పాత వాద్యాన్ని కొత్తదానిలా మెరిపించడం బాగుచేయడం కాదు. ఉన్నదాన్ని ఉన్నట్టు నిలబెట్టి పలికించడమే అసలు పనితనం. మీ ఇంట్లోనూ అలాంటి పెట్టె ఉంటే కీ బిగించకండి, మూత విప్పకండి. తెలిసిన చెయ్యి దొరికేదాకా పొడిచోట భద్రంగా ఉంచండి. మౌనంగా ఉన్న పాటను మళ్లీ పలికించొచ్చు, విరిగిన పాటను అతికించడం మహాకష్టం!