ఆడలేక లినక్సు ఓడు

మొన్న సంక్రాంతికి రావులపాలెం దగ్గర మా ఊరెళ్ళాను. అరుగు మీద కూర్చున్నానో లేదో, చిన్నక్క కొడుకు లాప్‌టాప్ తెచ్చి నా ఒళ్ళో పడేశాడు. "మావయ్యా, నువ్వేసిన లినక్సు నాకొద్దు. వైఫై ఒక్క గీతే చూపిస్తోంది. కాలేజీలోనూ అంతే, ఇంట్లోనూ అంతే. ఆన్‌లైన్ కోర్సు సగంలో మానేశా. నాకీ కంప్యూటర్లు అచ్చిరావులే" అన్నాడు. వాడు రాజమండ్రిలో ఇంజినీరింగు రెండో సంవత్సరం. ఆ చివరి మాట నాకు గుచ్చుకుంది.

పక్కనే ఉన్న పెద్ద బావగారు వెంటనే తీర్పు చెప్పేశారు. "లినక్సులో వైఫై ఎప్పుడూ ఇంతేరా. ఫార్మాట్ కొట్టి విండోస్ వేసుకో." బావగారు హైదరాబాదులో ప్రొడక్షన్ సర్వర్లు చూస్తారు. అవన్నీ లినక్సువే. పదిహేనేళ్ళుగా ఆయనకి అన్నం పెడుతున్నది ఆ లినక్సే!

నాకు ఒళ్ళు మండింది. ఆఫీసులో సర్వర్ పడిపోతే మనం ఏం చేస్తాం? లాగులు చూస్తాం, ఏం మారిందో అడుగుతాం, ఒక్కొక్క అనుమానాన్నీ తీసేస్తూ అసలు కారణం పట్టుకుంటాం. ఆపైన నాలుగు పేజీల రిపోర్టు కూడా రాస్తాం. "సర్వర్లంతే సార్, ఫార్మాట్ కొట్టండి" అని క్లయింటుతో అనగలమా? మరి ఇంటికొచ్చేసరికి ఆ బుద్ధంతా ఏ గోదాట్లో కలుస్తోంది?

మేం చేసింది పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. లాప్‌టాప్‌ని రౌటరుకి మూరెడు దూరంలో పెట్టి, 'ఐడబ్ల్యూ' కమాండుతో సిగ్నల్ చూశాం. ఈ లెక్క డీబీఎంలో, మైనస్ అంకెల్లో ఉంటుంది. సున్నాకి ఎంత దగ్గరైతే అంత మంచిది. పది తగ్గితే సిగ్నల్ పదో వంతుకి పడిపోయినట్టు. రౌటరు పక్కన మైనస్ 40 దరిదాపుల్లో ఉండాల్సింది, మాకు మైనస్ 68 ఉంది. మధ్యలో గోడే లేదు కాబట్టి మా మండువా ఇంటి మందపాటి గోడల తప్పు కాదు. నా ఫోను అక్కడే మైనస్ 36 చూపించింది కాబట్టి రౌటరు తప్పూ కాదు. నెట్టు కుర్రాడు అంతకుముందే వచ్చి "ఆయ్, మా లైను శుభ్రంగా ఉందండీ" అని వెళ్ళాడట. పాపం, నిజమే చెప్పాడు. కెర్నెల్ లాగులో ఫర్మ్‌వేర్ సరిగ్గానే లోడయింది. పవర్ సేవింగ్ ఆపి చూశాం. దానివల్ల నెట్టు ఆగాగి రావచ్చు గానీ అందే సిగ్నల్ బలం మారదు. ఇక మిగిలింది ఏంటెన్నా.

రెండు ఏంటెన్నాలు పట్టే కార్డుకి ఒక్కటే తగిలించి అమ్మే లాప్‌టాప్‌లున్నాయి. అంతవరకూ ఫరవాలేదు. కానీ తీగ ఒకచోట తగిలించి, కార్డు మెమరీలో రెండోచోటు పేరు రాస్తే? డ్రైవరు ఆ రాత నమ్మి, ఏంటెన్నా లేనివైపు చెవి పెట్టి కూర్చుంటుంది. మావాడిదీ అదే. డ్రైవరుకి 'యాంట్ సెల్' అనే ఆప్షన్ ఒక్క లైను రాసి రీబూట్ చేశాం. మైనస్ 39!

ఏంటెన్నా ఎంచుకునే ఆ ఆప్షన్‌ని 2016లో రాసింది లారీ ఫింగర్ అనే పెద్దాయన. ఏ చిప్పు కంపెనీలోనూ ఉద్యోగి కాదు. ఏళ్ళ తరబడి లినక్సు వైఫై డ్రైవర్లు బాగుచేస్తూ 2024 జూన్‌లో కన్నుమూశారు. మనలో ఎంతమందికి ఆయన పేరు తెలుసు?

'లినక్సులో వైఫై రాదు' అన్న మాట ఊరికే పుట్టలేదు, ఒప్పుకుంటాను. బ్రాడ్‌కామ్ తన కొత్త చిప్పులకి ఓపెన్ సోర్స్ డ్రైవరు ఇచ్చింది 2010 సెప్టెంబరులో. అంతకుముందు బయటివాళ్ళే చిప్పుల గుట్టు తవ్వి డ్రైవర్లు రాసుకున్నారు. ఎవరైనా సాయమడిగితే "మాన్యువల్ చదువుకో ఫో" అనే లినక్సు వీరభక్తుల పుణ్యం కూడా ఇందులో కొంత ఉంది. కానీ అప్పటి మాటని ఇంకా తాతల నాటి సామెతలా అప్పజెప్పడమేంటి?

"విండోస్ వేస్తే ఈ గొడవంతా లేకుండానే వచ్చేదిగా?" అన్నారు బావగారు. వచ్చేదేమో. ఒక విద్యార్థి ఇలాంటి ఆప్షన్లు వెతుక్కోవాల్సి రావడం న్యాయం కాదు కూడా. ఆ తప్పు కార్డులో తప్పు రాసి అమ్మినవాడిది. కానీ చూడకుండానే తీర్పు చెప్పిన తప్పు మాత్రం మనది. అర్థం కానిదాన్ని పీకి పారెయ్యమని మనం నేర్పితే, వాడు చివరికి పీకి పారేసుకునేది తన మీద తన నమ్మకాన్నే. "నాకు కంప్యూటర్లు అచ్చిరావు" అన్న మాట అలా పుట్టిందే.

కాబట్టి, లినక్సు జీతంతో ఫ్లాట్లు కొనుక్కున్న అన్నలారా, బావలారా! ఈసారి పండక్కి ఊరెళ్ళినప్పుడు ఎవరైనా పిల్లాడు లాప్‌టాప్ పట్టుకొస్తే, నోరు తెరిచే ముందు ఒక్క పది నిమిషాలు టెర్మినల్ తెరవండి. అరిసెలు ఎక్కడికీ పోవు.