ఉద్యమం పక్షుల గుంపు కాదు

మా పేటలో ఇంజనీరింగ్ చదువుతున్న కుర్రవాడొకడు ఇటీవల తన ల్యాప్‌టాప్‌లో ఒక వింత చూపించాడు. తెర మీద వందలాది చుక్కలు పక్షుల గుంపులా సాగుతున్నాయి. అడ్డు వస్తే విడిపోయి మళ్లీ ఒక్కటవుతున్నాయి. వాటికి నాయకుడు లేడు. పక్కదాన్ని ఢీకొనకు, పక్కవాటి దిశలోనే సాగు, గుంపుకు దూరం కాకు. ఉన్నవి ఈ మూడు సూత్రాలే. 1987లో క్రెయిగ్ రేనాల్డ్స్ అనే అమెరికన్ ప్రకటించిన పద్ధతి ఇది. నేను ముచ్చటపడి చూస్తుండగా అతడన్నాడు: "చాచా, ప్రజా ఉద్యమాలను కూడా ఇలాగే లెక్కకట్టవచ్చు."

ఆ మాటతోనే నాకు పేచీ.

ఈ శాస్త్రం మనకు అక్కరలేదని నేననను. 2006 జనవరిలో మినాలోని జమరాత్ వంతెన వద్ద తొక్కిసలాటలో మూడు వందల నలభైకి పైగా హాజీలు ప్రాణాలు కోల్పోయారు. ఆనాటి వీడియో దృశ్యాలను డిర్క్ హెల్బింగ్ బృందం పరిశీలించి, రద్దీ మితిమీరితే నడక మొదట ఆగి ఆగి సాగుతుందనీ, ఆపైన ఎవరి అదుపులోనూ లేని కుదుపులుగా మారుతుందనీ 2007లో వెల్లడించింది. ప్రాణాలు కాపాడే విద్య అది. అయితే అక్కడ లెక్కకు వచ్చినవి శరీరాలు. ఊపిరాడని చోట ఎవరి అభిప్రాయం ఏమిటన్న ప్రశ్నే లేదు.

ఉద్యమం సంగతి వేరు. 2002లో జాషువా ఎప్‌స్టీన్ అనే పండితుడు ప్రజల తిరుగుబాటుకు ఒక కంప్యూటర్ నమూనా తయారుచేశాడు. అందులోని చుక్కలను 'ఏజెంట్లు' అంటారు (ఆ మాట వినగానే నాకు బీమా ఏజెంటే గుర్తుకు వచ్చాడు). ఒక్కొక్క ఏజెంటుకు ఇంత కష్టమని యంత్రం ఏదో ఒక అంకె వేస్తుంది. బతుకంతా అదే అంకె. పాలకుల మీద నమ్మకం అందరికీ ఒక్కటే. దాన్నీ నమూనా రాసినవాడే నిర్ణయిస్తాడు. అసంతృప్తి ఎక్కువై, చుట్టుపక్కల పోలీసులు తక్కువైతే ఏజెంటు తిరగబడతాడు. పోలీసు చుక్క తన కంటికి కనబడిన తిరుగుబాటుదారుల్లో ఎవరో ఒకరిని చీటీ తీసినట్టు ఎంచి జైలుకు పంపుతుంది. చీటీ తీసినట్టు! ఈ ముక్క మా పేటలో చదివి వినిపిస్తే నవ్వుతారు. జైలుకు వెళ్లినవాడు ఎంత అసంతృప్తితో వెళ్లాడో సరిగ్గా అంతే అసంతృప్తితో బయటికి వస్తాడట. ఒక్క రాత్రి స్టేషనులో కూర్చున్న తండ్రినెవరినైనా అడగండి.

ఆ నమూనా తేల్చిన ఒక విషయం మాత్రం మనం గుర్తుంచుకోదగినది. పాలకుల మీద నమ్మకం ఒక్కసారిగా పడిపోతే తిరుగుబాటు భగ్గుమంటుంది. అంతకన్నా ఎక్కువగా పడిపోయినా, కొంచెం కొంచెంగా తగ్గితే ఏమీ జరగదు. ఒక్కొక్కరుగా బయటపడేవారిని ఒక్కొక్కరుగా లోపల వేయవచ్చు. శాస్త్రవేత్త దీన్ని హెచ్చరికగా చదవవచ్చు. హక్కులను పిడికెడు పిడికెడుగా తీసేసే పాలకుడు ఉపాయంగా చదువుకుంటాడు. ముఖాలను గుర్తించే కెమెరాల వ్యవహారంలో దాఖలైన వ్యాజ్యంపై 2022లో తెలంగాణ హైకోర్టు ప్రభుత్వానికి నోటీసులిచ్చిన సంగతి పాఠకులకు తెలుసు. కెమెరా ముఖం పట్టుకుంటే, ఆ ముఖం రేపు ఎటు నడుస్తుందో ఈ లెక్క చెబుతానంటుంది. రెండూ ఒకే బల్ల మీదికి చేరిన రోజున, ఇంకా గడప దాటని మనిషి కూడా అనుమానితుడే.

మన రిజర్వేషన్ల పోరాటాన్ని ఈ లెక్కలో పెట్టి చూడండి. 2004లో ఐదు శాతం ఉత్తర్వు వచ్చింది, హైకోర్టు కొట్టివేసింది. 2005లో చట్టం వచ్చింది, అదీ నిలవలేదు. గుంపు పక్షులైతే చెదిరిపోవలసిందే. మనవాళ్లు తీర్పు చదివారు. మతం ప్రాతిపదిక నిలవదు, వెనుకబాటు రుజువు కావాలి అని గ్రహించారు. అత్తరు సాయిబులు, హజాములు, ఖురేషీలు, సిద్దీలు, గారడీ సాయిబులు తమ బతుకులను కాగితం మీద పెట్టారు. 2007లో పద్నాలుగు వర్గాలకు నాలుగు శాతం వచ్చింది. 2010లో హైకోర్టు మళ్లీ కొట్టివేస్తే సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలబడింది. ఆ రోజుల్లో ఆఫీసు వేళ ముగిశాక మసీదు అరుగు మీద కూర్చుని నేను ఎన్ని దరఖాస్తులు నింపానో లెక్కలేదు. సయ్యద్‌లు, పఠాన్‌లు తమకు రాని వాటా కోసం పక్కవాడి తరఫున సంతకాలు సేకరించడం కళ్లారా చూశాను. పక్కదాని దిశలో సాగే చుక్క ఆ పని చేయదు.

ఇదంతా ఆ కుర్రవాడికి చెప్పాను. చిన్నబుచ్చుకోలేదు. జైలు నుంచి వచ్చిన చుక్కకు జ్ఞాపకం పెట్టవచ్చా, నమ్మకాన్ని దాని అనుభవాన్ని బట్టే పెంచి తగ్గించవచ్చా, పోలీసు చుక్క ఎవరిని ముందు పట్టుకుంటుందో నిజంలో ఉన్నట్టే రాయవచ్చా అని అడిగాను. రాయవచ్చన్నాడు. మూడో దానికి సరైన అంకెలు కావాలట, ఎక్కడ దొరుకుతాయని నన్నే అడిగాడు. సమాచార హక్కు కింద దరఖాస్తు ఎలా రాయాలో వచ్చే ఆదివారం నేర్పుతానన్నాను.