మంచుమనిషికి చెమట పడుతోంది

డిసెంబర్ వచ్చిందంటే హైదరాబాద్ ప్లేస్కూళ్ళ గోడల మీద దూది కురుస్తుంది. నీలం చార్టు, థర్మాకోల్ ఉండలు, మధ్యలో క్యారెట్ ముక్కు పెట్టుకున్న మంచుమనిషి. దాని ముందు మూడేళ్ళ పిల్లలు వరసగా నిలబడి మంచులో జారే బండి గురించీ, ఉన్ని చేతితొడుగుల గురించీ పాడుతుంటారు. బయట మధ్యాహ్నం 28 డిగ్రీలు. మా చుట్టాలబ్బాయి ఒకడు ఇలాంటి ‘వింటర్ కార్నివాల్’ కోసం ఉన్ని టోపీ, మఫ్లర్ వేసుకుని ఎండలో నలభై నిమిషాలు నిలబడ్డాడు. పాట అయ్యేసరికి మెడంతా చెమటకాయలు. చలికాలం అంటే ఏమిట్రా అంటే, దురదగా ఉంటుంది అన్నాడు. వాడు చెప్పిందాంట్లో తప్పేం లేదు.

ఇది ఇంగ్లీషు మీద ఏడుపనుకునేరు. కాదు. క్రిస్మస్ మీద అంతకన్నా కాదు. అసలు ‘జింగిల్ బెల్స్’లో క్రిస్మస్ మాటే లేదు. జేమ్స్ పియర్‌పాంట్ 1857లో అచ్చు వేయించినప్పుడు అది కుర్రకారు మంచు మీద గుర్రబ్బండి తోలుకుంటూ చేసే అల్లరి పాట. క్రిస్మస్ దాని మీదకి తర్వాత వచ్చి కూర్చుంది. మన ఊళ్ళ చర్చిల్లో తరతరాలుగా పాడుతున్న తెలుగు క్రిస్మస్ పాటల్లో నక్షత్రం ఉంటుంది, గొర్రెల కాపరులుంటారు, పశువుల పాక ఉంటుంది. మంచుమనిషి లేకపోయినా వాటి భక్తికేం లోటు రాలేదు. కాబట్టి ఈ గొడవలోకి మతాన్ని లాగేవాళ్ళు దయచేసి వేరే అరుగు చూసుకోండి.

నా గొడవల్లా పాట గురించి. మంచు పాటలు మంచి పాటలు, మంచు పడే చోట. జపాన్‌లో విద్యాశాఖ 1911లో చిన్నపిల్లల పాఠ్యపుస్తకంలో వేసిన ‘యుకి’ అనే పాట ఉంది. యుకి అంటే మంచు. అందులో మంచు పడుతుంటే కుక్క సంబరంగా పెరడంతా పరిగెడుతుంది, పిల్లి మాత్రం కుంపటి బల్ల దగ్గర ముడుచుకుని పడుకుంటుంది. అంతే. నీతి లేదు, దేశభక్తి లేదు. కానీ ఆ పిల్లకి ఆ కుక్క తెలుసు, ఆ పిల్లి తెలుసు, ఆ వెచ్చదనం తెలుసు. పరిగెత్తమంటే పరిగెడుతుంది, ముడుచుకోమంటే ముడుచుకుంటుంది. మూడేళ్ళ పిల్లకి పాట అంటే చెవితో వినేది కాదు, ఒంటితో చేసేది. ఆ ఒంటికి తెలియని చలిని ఎలా నటిస్తుంది? టీచర్ చెయ్యి ఎలా ఊపితే అలా ఊపుతుంది. దాన్ని డ్రిల్లు అంటారు.

ఇక్కడ ఒక పెద్దమనిషి లేస్తాడు. “పిల్లలు సింహాన్ని చూశారా? రాక్షసుణ్ణి చూశారా? ఊహ ఉండొద్దా?” అని. ఉండాలండీ. నాకు సింహంతో పేచీ లేదు. సింహం పాట పాడిన పిల్లతో ‘మన వీధిలో ఉండేది ఇదే’ అని ఎవరూ చెప్పరు. మంచుమనిషిని మాత్రం ఋతువుల చార్టులో ‘శీతాకాలం’ అనే గడిలో అతికించి, మన చలికాలం ఇదే అని నేర్పుతున్నాం. ఇంకో మాట. ‘లెట్ ఇట్ స్నో’ రాసింది 1945 జూలైలో, హాలీవుడ్‌లో, మండే ఎండలో. అవును, చలి లేకుండానే చలిపాట. కానీ రాసినవాళ్ళు చలి ఎరిగిన పెద్దవాళ్ళు, ఉక్కపోతలో కూర్చుని దాన్ని కావాలనుకున్నారు. మూడేళ్ళ పిల్ల దేన్ని తలుచుకుని బెంగపడాలి?

క్రిస్మస్‌కి మంచు పడని దేశాలు ఏం చేశాయో కూడా చూడొచ్చు. ఆస్ట్రేలియాలో క్రిస్మస్ నడివేసవిలో వస్తుంది. అక్కడ 1948లో జాన్ వీలర్ మాటలు రాసి, విలియం జేమ్స్ బాణీ కట్టిన క్రిస్మస్ పాటల్లో ఒకదాంట్లో మైదానంలో బ్రోల్గా కొంగలు నాట్యం చేస్తాయి. వాళ్ళు పండగని వదులుకోలేదు, దూదిని వదులుకున్నారు. మనమేమో లంబసింగిని కూడా ‘ఆంధ్రా కశ్మీర్’ అంటే తప్ప నమ్మం.

నిజానికి మన చలికాలం ఎంత సరుకున్నది! మాటతోనే మొదలుపెట్టండి. ‘మంచు’ అంటే మనకి గడ్డిమీద బొట్టూ అదే, రోడ్డుమీద పొగా అదే, హిమాలయం మీద గడ్డా అదే. ఇంగ్లీషు పాట పిల్లల్ని మంచులోకి రమ్మని పిలుస్తుంది, మన అమ్మమ్మ “మంచులో తిరక్కురా, పడిశం పడుతుంది” అని చెవులకి గుడ్డ కడుతుంది. ఈ రెండు మంచుల మధ్య ఒక పాట ఉంది, ఎవరూ రాయలేదు. 24 డిగ్రీల కిందికి దిగితే కొబ్బరినూనె గడ్డకడుతుంది. తెలుగింటి పిల్లకి ఏడాదికోసారి చేతికందే తెల్లటి మంచు అదే! సీసా బోర్లించినా పడదు, పుల్ల పెట్టి తవ్వాలి, ఎండలో పెడితే మెల్లగా కరుగుతుంది. ఆటకీ పాటకీ ఇంతకన్నా ఏం కావాలి? స్కూలు వ్యాను పొగమంచులోంచి ముందు రెండు దీపాలుగా, తర్వాత హారన్‌గా, ఆ తర్వాత బండిగా రావడం. మంకీ క్యాప్‌లో తాతయ్య గుర్తుపట్టకుండా మారిపోవడం. తేగ కాల్చి చీల్చి లోపలి చందమామ కోసం కొట్టుకోవడం. చన్నీళ్ళ చెంబు చూసి పారిపోవడం. రేగుపళ్ళ వాసన. చివరికి ఆ చలి శివరాత్రికి శివశివా అంటూ వెళ్ళిపోవడం.

“మనకి గొబ్బి పాటలున్నాయి కదా” అనే సంప్రదాయ ప్రియులకీ ఒక మాట. ఉన్నాయి, అందంగా ఉన్నాయి. వాకిట్లో పేడ గొబ్బెమ్మల చుట్టూ ఆడపిల్లలు తిరుగుతూ పాడేవి అవి. వాటిని పట్టులంగాల యాన్యువల్ డే ఐటెం చేసి, స్పీకర్లో వేసి, పిల్లల చేత పెదాలు కదిలిస్తే అదీ దూదే. పైగా అవి ధనుర్మాసపు పూజలోంచి వచ్చిన పాటలు. క్లాసులో ఉన్న ప్రతి పిల్లా ఆ వాకిట్లోంచి రాదు. చలి మాత్రం అందరికీ వేస్తుంది.

మరి మన బాలగేయాలో? సగం నీతి, సగం దినచర్య. పొద్దున్నే లేవాలి, పళ్ళు తోమాలి, పెద్దల మాట వినాలి. చలికాలం వచ్చినా కవిగారు స్వెట్టర్ వేసుకోమనే చెప్తారు. 1945లో ‘బాల’ పత్రిక పెట్టిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, అక్కయ్యలై పిల్లల్నే మైకు ముందు నిలబెట్టి పాడించారు. పిల్లల గొంతు వింటూ రాసినవాళ్ళకి ఏ మాట నోరు తిరుగుతుందో, ఎక్కడ నవ్వు వస్తుందో తెలుస్తుంది. అవార్డు కమిటీ కోసం రాస్తే అది తెలియదు.

అన్నిటికన్నా విచిత్రం అటువైపు ఉంది. మిషిగన్‌లోనో న్యూజెర్సీలోనో నిజంగా మోకాలి లోతు మంచు పడుతుంది. అక్కడి తెలుగు పిల్ల ఆదివారం తెలుగు క్లాసుకి బూట్ల మంచు దులుపుకుని వచ్చి, పొంగల్ గురించీ పాడిపంటల గురించీ పాడి వెళ్తుంది. ఆ మంచుని తెలుగులో పాడుకోవడానికి ఆమెకి ఒక్క చిన్న పాట లేదు. ఇక్కడి పిల్లకేమో మంచు లేకుండా పాట, అక్కడి పిల్లకి పాట లేకుండా మంచు. ఇద్దరూ ఒకరి వాతావరణాన్ని ఇంకొకరు పాడుతున్నారు. ఆమె తెలుగు ఆదివారం గదిలోనే ఆగిపోయి, ఆటలోకి ఎందుకు దిగలేదని తర్వాత మనం వ్యాసాలు రాస్తాం.

ఈ పత్రిక చదివేవాళ్ళలో సగం మంది కవులే కదా. చలి మీద ప్రేమ కవితలు రాశారు, ఒంటరితనం మీద రాశారు, తుషారం, నీహారం అన్నీ వాడేశారు. ఎనిమిది పంక్తులు, ఒక్క సంయుక్తాక్షరం ఎక్కువ కాకుండా, మధ్యలో పిల్ల పేరు పెట్టుకునే ఖాళీతో, చివర్లో ఒక గెంతుతో కొబ్బరినూనె మీద పాట రాయండి చూద్దాం. రాశాక మీ వాల్ మీద పెట్టకండి. పక్కింటి మూడేళ్ళ పిల్ల ముందు పాడండి. రెండోసారి పాడమంటే ఉంచండి. లేచి వెళ్ళిపోతే చింపేయండి.