సర్వీసు దారి సర్వీసు ఫైల్లోనే ఉండాలి

2020లో కరీంనగర్‌లో ఐటీ టవర్ తెరుచుకుంది. అలాంటి చోట సర్వర్లు చూసుకునే కొలువులు ఆదిలాబాద్ పిల్లలకూ అందాలంటే ఒక చిన్న విషయం వాళ్లకు గట్టిగా తెలియాలి. లాగిన్ అయి చేత్తో నడిపితే చక్కగా లేచిన జావా సర్వర్, మెషిన్ రీస్టార్ట్ కాగానే ఒక్కోసారి ‘అన్‌శాటిస్‌ఫైడ్ లింక్ ఎర్రర్’ చూపి ఆగిపోతుంది. కారణం, ఆ సర్వర్ వాడే, సీ భాషలో రాసిన లైబ్రరీ ఎక్కడుందో మనం మన యూజర్ ‘బ్యాష్‌ఆర్‌సీ’ ఫైల్లో రాసుకున్నాం, కానీ సర్వీసును లేపే ‘సిస్టమ్‌డీ’ ఆ ఫైలును చదవదు. చాలామంది ‘జావా లైబ్రరీ పాత్’ ఒక్కటి ఇచ్చి పనైపోయిందనుకుంటారు. అది జావా నేరుగా పిలిచే లైబ్రరీకే చెల్లుతుంది. ఆ లైబ్రరీకి మళ్లీ కావలసిన లైబ్రరీలను వెతికేది లినక్స్ లోడర్. దానికి ‘ఎల్‌డీ లైబ్రరీ పాత్’ గానీ ‘ఎల్‌డీకాన్ఫిగ్’ గానీ దారి చూపాలి. అసలు గంటల కొద్దీ సమయం తినేది ఈ రెండో మెట్టే. టామ్‌క్యాట్ అనే జావా సర్వర్ మాత్రం తన నేటివ్ లైబ్రరీ దొరక్కపోయినా ఆగదు, లాగ్‌లో ఒక్క వరుస రాసి ముందుకు సాగుతుంది, కాబట్టి లాగ్ చదవడం తప్పదు. ‘జావా లైబ్రరీ పాత్’, ‘ఎల్‌డీ లైబ్రరీ పాత్’ రెండూ ‘సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్’తో సర్వీసు ఓవర్‌రైడ్ ఫైల్లోనే రాయాలి, ప్యాకేజీ అప్‌డేట్‌కు అది చెరిగిపోదు, ఉద్యోగి బదిలీ అయినా తర్వాత వచ్చినవాళ్లకు కనబడుతుంది. ఆదిలాబాద్ కాలేజీల్లో కంప్యూటర్ పాఠాలు చెప్పే అధ్యాపకులారా, సర్వర్ నడిచిందని ల్యాబ్‌లో మార్కులు వేసేముందు మెషిన్‌ను ఒకసారి రీబూట్ చేయించండి.